సుడిగాలికి తగిన మనిషి

వాల్పరైసో, పొలాంకో కొండ
మార్చి నెల

ప్రియమైన ఫిలోమెనా అత్తయ్యకి,

మేనల్లుడు అన్సెల్మో నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, నా గడియారాలూ క్షేమం. అక్కడ మీరూ, గొర్రెలూ క్షేమమని తలుస్తాను. గాలి క్షేమం అడగక్కర్లేదు. మీ తియెర్రా దెల్ ఫ్వేగో ద్వీపంలో అందరికంటే ఆరోగ్యంగా ఉండేది అదే.

సంగతేమిటంటే, నేనొక నిర్ణయానికి వచ్చాను. జనవరిలో మామయ్య అంత్యక్రియలకి వచ్చినప్పుడు గొర్రెలు కాసే మీ కుక్క లోబా పని కళ్ళారా చూశాను. మీరు నోట్లో రెండు వేళ్ళు పెట్టి ఈల వేశారు. అది గుట్ట అవతలికి మాయమైంది. నేను సిగరెట్ ముట్టించి, గాలికి ఆరిపోతే మళ్ళీ ముట్టించేలోగా మంద మొత్తం పాలు పొంగినట్టు గుట్ట దిగి వచ్చింది. లోబా మొరగలేదు, కరవలేదు. పొట్ట నేలకి ఆనించి ఊరికే చూసింది, అంతే. ఆ చూపుకి గొర్రెలే కాదు, పాదిరీ గారు కూడా ఒకడుగు వెనక్కి వేశారు. అప్పటినుంచీ నాకు వేరే ధ్యాస లేదు.

లోబా ఫిబ్రవరిలో ఈనిందని విన్నాను. అందులో ఒక కూన నాకు పంపండి. పెంపకం గురించి బెంగ వద్దు, అన్నీ ఆలోచించాను. నాది మూడో అంతస్తులో ఒకటే గది. చిన్నదే కానీ కిటికీ పెద్దది, సముద్రమంతా కనిపిస్తుంది. ఈ జాతికి విశాలమైన చోటు కావాలంటారు కదా, పసిఫిక్ కంటే విశాలం ఎక్కడుంటుంది? ఇక ఒంటరిగా వదిలేసే సమస్యే లేదు. తొమ్మిదింటికి నిద్ర లేచి, గడియారాల రిపేరు బల్ల ముందు కుర్చీలో కూర్చున్నానంటే సాయంత్రం దాకా లేవను. రోజంతా నా కాళ్ళ దగ్గరే పడుకోవచ్చు. ఇంతకంటే కుదురైన యజమాని దానికి దొరకడు.

మీ జవాబు కోసం కాదు, కూన కోసం ఎదురుచూస్తూ,
మీ అన్సెల్మో

తా.క. దానికి భోజనం వేళలు ఏవైనా ఉన్నాయా? నా ఇంట్లో గడియారాలు ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తాయి. కుక్క ఏది నమ్ముతుందో ముందే తెలిస్తే మంచిది.

---

పోర్వెనీర్ అవతల, గొర్రెల ఎస్టేటు
ఏప్రిల్ నెల

చిరంజీవి అన్సెల్మోకి,

అత్త దీవించి రాస్తున్నది. నీ ఉత్తరం ఉన్ని లారీ డ్రైవరు తెచ్చిచ్చాడు. చదివి, లోబాకి కూడా వినిపించాను. అది లేచి బయటికి వెళ్ళిపోయింది.

ఒరేయ్, ఈ కుక్కలు పని కోసం పుట్టాయి. నువ్వు పని ఇవ్వకపోతే అదే కల్పించుకుంటుంది. అది కల్పించుకున్న పని నీకు నచ్చదు. పుంతా అరేనాస్‌లో పళ్ళ డాక్టరొకడు నీలాగే ముచ్చటపడి లోబా చెల్లెల్ని తీసికెళ్ళాడు. అక్కడ దానికి గొర్రెలేవి? పన్ను నొప్పితో వచ్చిన జనాన్నే పోగు చేసి మూలకి తోలింది. కదిలిన ఒకావిడ పిక్క పట్టుకుంది. పాపం ఆవిడ పన్ను పీకించుకుందామని వచ్చి కాలికి కట్టుతో ఇంటికి పోయింది. కుక్క నా దగ్గరికే తిరిగొచ్చింది. డాక్టరు ఇప్పటికీ నన్ను చూస్తే రోడ్డు దాటతాడు.

కాళ్ళు అలిసేలా తిప్పితే చాలనుకోకు. దాని కాళ్ళకంటే బుర్ర ఎక్కువ పరిగెడుతుంది. రోజూ ఏదో ఒకటి నేర్పాలి. వీధిలో సైకిలు పోతే దానికి గొర్రె పారిపోయినట్టే. పిల్లలు పరిగెడితే మంద చెదిరినట్టే. నీ కుర్చీ కాళ్ళు ఆర్నెల్లలో ఉండవు. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని రాశావు. అందులో గొర్రెలున్నాయా?

కాబట్టి కూన లేదు. అయినా నువ్వు మొండివాడివి, మా అన్న కొడుకువి. ఊరికే కాదంటే ఇంకో చోట కొంటావు. అందుకని ఒక మాట చెప్తాను. కుక్క మెడకి కట్టే పటకా ఒకటి, ఒక గొలుసు కొనుక్కో. కుక్క ఉందనుకుని బతుకు. రోజూ తెల్లారకముందే లేచి కొండ దిగి ఎక్కు. వాన పడినా, జ్వరం వచ్చినా, ఆదివారమైనా. మధ్యాహ్నం పని ఆపి దానికి పాఠం చెప్పు. సాయంత్రం మళ్ళీ కొండ. చలికాలమంతా అలా చేశాక ఇంకా కుక్క కావాలనిపిస్తే అప్పుడు రాయి. రాయవని నాకు తెలుసు.

దీవెనలతో,
మీ అత్త ఫిలోమెనా

తా.క. చిన్నప్పుడు బడికి పొమ్మంటే మంచం కింద దూరేవాడివి. కాలు పట్టి లాగింది నేనే. ఈ సంగతి లోబాకి చెప్పలేదు. నీ పరువు ఇంకా కొంచెం మిగిలుంది.

---

వాల్పరైసో
మే నెల

ప్రియమైన అత్తయ్యకి,

అన్సెల్మో నమస్కారాలు. గొలుసు కొన్నాను. ఎర్ర తోలు పిడి, ఇత్తడి కొక్కెం ఉన్నది. మీరు చెప్పింది తు.చ. తప్పకుండా చేస్తున్నాను.

మొదటి వారం కొండ దిగడం నేను దిగాను, ఎక్కడం మాత్రం మోకాళ్ళ దయ. ఇప్పుడు ఫర్వాలేదు. ఖాళీ పటకాని మెట్ల మీద ఈడ్చుకుంటూ నడుస్తుంటే చప్పుడవుతోందని, కుక్క మెడ ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో పట్టుకుని నడుస్తున్నాను. రేవు దగ్గర వీధికుక్కలు రెండు నా వెంట వస్తాయి. గొలుసు చివర ఎవరున్నారో వాటికీ తెలియదు. అయినా మర్యాదగా కాస్త ఎడంగా నడుస్తాయి.

మధ్యాహ్నం పాఠాలు కూడా బాగా సాగుతున్నాయి. నిన్న "కూర్చో" అని గట్టిగా అన్నాను. అప్పుడే తలుపు తోసుకొచ్చిన కస్టమరు కూర్చున్నాడు. లేవమనే పాఠం ఇంకా మొదలుపెట్టలేదు కాబట్టి చాలాసేపు అలాగే ఉన్నాడు.

ఇరుగుపొరుగు నన్ను చాలా ఆదరంగా చూస్తున్నారు. కింది వాటాలో ఉండే ఒర్తెన్సియా మామ్మగారు గిన్నెడు కోడి సూపు తెచ్చి, "తినాలి నాయనా, తినకపోతే ఎలా, ఉన్నవాళ్ళం ఉండాలి కదా" అంది. నేను చిక్కానని ఆవిడ కనిపెట్టినట్టుంది. కొండ మెట్ల పక్కన బేకరీ నడిపే ఎర్మెలిందా గారైతే నేను కనిపించగానే పొయ్యి వదిలేసి బయటికి వచ్చి, చేతిలో వేడి రొట్టె పెడుతోంది. పదేళ్ళుగా ఆవిడ దగ్గర రొట్టె కొంటున్నాను. ఎప్పుడూ ఇంత మాట్లాడలేదు.

అత్తయ్యా, ఈ జాతి కుక్క నా జీవితానికి అన్ని విధాలా సరిపోతోంది. కుక్క ఒక్కటే తక్కువ.

మీ అన్సెల్మో

తా.క. ఎర్మెలిందా గారు కుక్క పేరేమిటని అడిగింది. కూనకి మీరేం పేరు పెట్టారో తెలియక లోబా అన్నాను. ఏ ఊరిదంటే పోర్వెనీర్ అవతల మా ఫిలోమెనా అత్తయ్య దగ్గరిది అన్నాను. ఆవిడ ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి పొగ అనుకుంటాను.

---

పోర్వెనీర్ అవతల
జూన్ నెల

అన్సెల్మోకి,

దీవెన తర్వాత. ముందు ఇది చదువు.

ఇక్కడ సాయంత్రం రేడియోలో పల్లెల వాళ్ళకి కబుర్లు చదువుతారని నీకు తెలుసు. ఫలానా వాళ్ళకి ఆడపిల్ల పుట్టింది, ఫలానా వాడి గుర్రం దొరికింది, అని. మొన్న నేను మాతే టీ కాచుకుని కూర్చున్నాను. లోబా నా కాళ్ళ దగ్గర పడుకుంది. రేడియో అతను గొంతు బరువు చేసుకుని ఇలా చదివాడు: "పోర్వెనీర్ అవతల ఉంటున్న ఫిలోమెనా కార్కమో గారికి. మీ లోబా మరణవార్త విని వాల్పరైసో పొలాంకో కొండ ప్రజలు శోకిస్తున్నారు. మీకు ధైర్యం కలుగుగాక. ఇట్లు, రొట్టెల ఎర్మెలిందా తదితరులు."

తన పేరు విని లోబా చెవులు నిక్కించింది. దాన్ని చూసి నేను, నన్ను చూసి అది.

ఈ ద్వీపంలో రేడియో విననివాడు లేడు. మర్నాడు పొద్దున్నే ఎస్టేటు ఫోర్‌మన్ మన్సియా గుర్రం దిగి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మీ మామయ్య పోయినప్పుడు కూడా టోపీ తియ్యలేదు ఆ మనిషి, గాలిగా ఉందన్నాడు. "గొప్ప ప్రాణమమ్మా, అలాంటివి మళ్ళీ పుట్టవు" అంటుండగా లోబా వచ్చి అతని బూటు వాసన చూసింది. మన్సియా శిలువ గుర్తు వేసుకున్నాడు.

తర్వాత జనం మొదలయ్యారు. గొర్రెపిల్ల మాంసం తెచ్చినవాడు, రూబార్బ్ జామ్ తెచ్చిన ఆవిడ, అకార్డియన్ తెచ్చిన ముసలాయన. చలికి వణుకుతూ వాకిట్లో చిందరవందరగా నిలబడ్డారు. అలా నిలబడితే లోబా ఊరుకుంటుందా? ఒక్క చుట్టు తిరిగి, అందరినీ పోగు చేసి దొడ్లోకి తోలింది. తన సంతాపానికి వచ్చిన వాళ్ళని తనే దొడ్లో పెట్టి, గేటు దగ్గర కూర్చుంది. ఇంతలో మంచు మొదలైంది. ఎవరూ ఇళ్ళకి పోలేకపోయారు. మాంసం కాల్చాం, అకార్డియన్ వాయించారు, నేల మీద పక్కలు పరిచాను. మీ మామయ్య పోయాక నా బల్ల చుట్టూ అంతమంది కూర్చోవడం అదే. అది వేరే సంగతి. నీ మీద కోపం కోపమే.

ఆ హడావుడిలో కూనలన్నీ జనం కాళ్ళ మధ్య దూరి, గొర్రెల్ని తోలినట్టు తోలుతూ నానా గోల చేశాయి. సుడిగాలి అని మన్సియా పేరు పెట్టిన కూన ఒక్కటే పొయ్యి పక్కన కదలకుండా పడుకుంది. ఎంత మర్యాద తెలిసిన పిల్లో.

నా కుక్కని ఎందుకు చంపావో వెంటనే రాయి.

ఫిలోమెనా

తా.క. ఖండన చదవమని రేడియోకి కబురు పంపాను. "లోబా బతికే ఉంది, ఫిలోమెనా కార్కమో గారు కూడా" అని చదివాడు. దాంతో మధ్యలో నేనూ పోయాననుకున్నవాళ్ళు బయల్దేరారు. నిన్న నా పేరు మీద పూలదండ ఒకటి వచ్చింది. గుమ్మానికి కట్టాను, పారెయ్యడం ఎందుకని.

---

వాల్పరైసో
జూలై నెల

ప్రియమైన అత్తయ్యకి,

నమస్కారాలు. నేను లోబాని చంపలేదు. ఎవరూ చంపలేదు. ఖాళీ గొలుసు పట్టుకుని తెల్లవారకముందే వానలో తిరిగే మనిషిని చూసి, వీడి కుక్క చచ్చిపోయింది, పాపం మరిచిపోలేకపోతున్నాడు అని కొండంతా అనుకుందిట. సూపూ రొట్టే అందుకేనని మీ ఉత్తరం చదివాకే నాకు తెలిసింది. రేడియోకి టెలిగ్రాం ఇచ్చింది ఎర్మెలిందా గారే. ఆవిడ మనసు మంచిది, కోపగించుకోకండి.

నిజం చెప్పేద్దామని ఆ రోజే బేకరీకి వెళ్ళాను. నోరు తెరిచినప్పుడల్లా ఆవిడ అందులో మాంసం కూరిన వేడి ఎంపనాద పెట్టింది. నిండు నోటితో అంత పెద్ద విషయం చెప్పకూడదని వచ్చేశాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఆవిడ తన చిన్నప్పటి కుక్క గురించి చెప్పి ఏడ్చింది. ఏడుస్తున్న మనిషికి "నా కుక్క అసలు పుట్టనే లేదు" అని ఎలా చెప్పను?

ఇప్పుడు మొదటి వాయి రొట్టెలు పొయ్యిలో పెట్టాక ఆవిడ కూడా నాతో నడకకి వస్తోంది. మెట్లు తడిగా ఉన్నచోట గొలుసు ఒక చివర నేను, పటకా చివర ఆవిడ పట్టుకుంటున్నాం. జారకుండా.

మీ పరీక్ష మాత్రం గెలిచాను. అలారం లేకుండా లేస్తున్నాను. నా పొట్ట ఏ మెట్టు మీద జారిపోయిందో తెలియదు, వెతకలేదు. పెద్ద గడియారాలు మొయ్యలేని వాళ్ళ ఇళ్ళకి నేనే వెళ్ళి బాగుచేస్తున్నాను. కొండ ఈ చివర నుంచి ఆ చివరకి నడవడం నాకిప్పుడు సిగరెట్ కాల్చినంత తేలిక. సిగరెట్ మానేశాను, మెట్లెక్కుతూ రెండూ కుదరలేదు. మీ జాతి కుక్క ఎంత ఉరికినా వెనకాల నేనుంటాను. పంపండి.

మీ అన్సెల్మో

తా.క. ఒర్తెన్సియా మామ్మగారు లోబా ఆత్మశాంతికి పూజ చేయించింది. పాదిరీ గారు నన్ను పక్కకి పిలిచి, "ఆవిడ బాప్తిస్మం తీసుకుందా?" అని అడిగారు. లోబా మా అత్తయ్య అనుకున్నట్టున్నారు. వానలో చాలాసార్లు తడిసిందని చెప్పాను.

---

పోర్వెనీర్ అవతల
సెప్టెంబర్ నెల

నా బంగారు అన్సెల్మోకి,

అత్త ఎంతో ప్రేమతో దీవించి రాస్తున్నది. నీ ఉత్తరం చదివి నా కోపమంతా మంచులా కరిగిపోయింది. తెల్లారకముందే లేచే మనిషి, వానకి జడవని మనిషి, కొండలెక్కే మనిషి. మన వంశంలో అలాంటివాడు పుడతాడని నేననుకోలేదు. నువ్వు పుట్టినప్పుడు అసలే అనుకోలేదు.

సుడిగాలిని నీకే పంపుతున్నాను. ఇంకెవరికీ ఇవ్వను. పుంతా అరేనాస్ నుంచి బయల్దేరే సరుకు ఓడలో వంటవాడు గల్యార్దో నాకు తెలిసినవాడు. అతను దాన్ని వంటగదిలో పెట్టుకుని తీసుకొస్తాడు. కళ్ళు అచ్చంగా తల్లివి. ఒళ్ళు నల్లగా నిగనిగలాడుతుంది, మెడ చుట్టూ తెలుపు. పళ్ళు గట్టివి. తిండి బాగా తింటుంది. నిద్ర మరీ బాగా పోతుంది.

రోజూ కొండ ఎక్కించు. నువ్వు మానేస్తే అదీ మానేస్తుంది, గుర్తుపెట్టుకో. త్వరగా ఓడ దగ్గరికి వెళ్ళు, వెనక్కి పంపే ఆలోచన పెట్టుకోకు, ఆ ఓడ మళ్ళీ ఇటు రావడానికి చాలా కాలం పడుతుంది.

బోలెడు ముద్దులతో,
అత్త ఫిలోమెనా

తా.క. ఆ ఎర్ర పిడి గొలుసు గట్టిదేనా? బాగా లాగాల్సి వస్తుంది.

---

వాల్పరైసో
అక్టోబర్ నెల

అత్తయ్యకి,

నమస్కారం. మీరు పంపింది అందింది. అది కుక్కేనా?

రేవుకి పరుగున వెళ్ళాను. ఎర్మెలిందా గారు కూడా వచ్చింది, నా దుఃఖం తీరే రోజని తలకి కొత్త స్కార్ఫ్ కట్టుకుని. వంటవాడు గల్యార్దో సుడిగాలిని భుజాన వేసుకుని ఓడ దిగాడు, పిండి బస్తా మోసినట్టు. "నడవదా?" అన్నాను. "ఏమో, నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు.

నేల మీద దింపితే పడుకుంది. గొలుసు తగిలిస్తే గొలుసు మీద తల పెట్టుకుంది. ఈల వేశాను. రేవులో వీధికుక్కలన్నీ వచ్చాయి, ఇది తప్ప. చివరికి నేనే ఎత్తుకుని కొండెక్కాను. మీ పరీక్ష వల్ల ఆయాసం రాలేదు, అదొక్కటే మేలు.

కానీ అసలు ప్రమాదం అది కాదు. ఎర్మెలిందా గారు గల్యార్దోకి రొట్టె పెట్టి, "తల్లి లేని పిల్లని భద్రంగా తెచ్చావు నాయనా" అంది. ఆ మహానుభావుడు, "తల్లికేం, రాయిలా ఉంది. పడవ దగ్గర నా మీద మొరిగి చంపింది" అన్నాడు.

ఎర్మెలిందా గారు నా వైపు చూసింది. నేను మొత్తం చెప్పేశాను. ఆ రోజు నోట్లో ఎంపనాద కూడా లేదు. ఆవిడ అంతా విని, చాలా నెమ్మదిగా అంది: "అంటే చలికాలమంతా నేను ఏడ్చింది పుట్టని కుక్క కోసమా? నువ్వు నా పక్కనే నడుస్తూ, నన్ను ఏడిపిస్తూ, రొట్టె తిన్నావా?" రొట్టె చాలా బాగుందని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

ఆ రోజు నుంచీ మాట్లాడటం లేదు. రొట్టె కూడా వేరే వీధిలో కొనుక్కోమంది. కుక్క మాత్రం మొదటిరోజే బేకరీ గుమ్మం దాటి వెచ్చటి పొయ్యి పక్కన పడుకుంది. పిలిస్తే రాదు, లాగితే రాదు. "కుక్క చేసిన పాపమేముంది, ఉండనీ" అని ఆవిడ గోడతో అంది. నా కుక్క ఆవిడ ఇంట్లో ఉంది, ఆవిడ నాతో మాట్లాడదు, నేను మళ్ళీ పొద్దున్నే ఖాళీ గొలుసుతో తిరుగుతున్నాను.

ఇది ఏ జాతి కుక్క అత్తయ్యా?

అన్సెల్మో

తా.క. ఒర్తెన్సియా మామ్మగారు మళ్ళీ సూపు తెచ్చింది. "రెండోది కూడానా నాయనా" అంది.

---

పోర్వెనీర్ అవతల
నవంబర్ నెల

చిరంజీవి అన్సెల్మోకి,

దీవెనలు. అన్నీ నిజంగా రాస్తాను, విను. సుడిగాలి అన్న పేరు అది కళ్ళు తెరవకముందు పెట్టింది. కళ్ళు తెరిచాక కూడా మూసుకునే ఉంది. మిగిలిన కూనలు గొర్రెల్ని చూడగానే ఒంగి పొంచాయి. ఇది గొర్రెల మధ్యకి పోయి, ఒకదాని ఉన్నికి ఆనుకుని పడుకుంది. గొర్రె కూడా ఏమీ అనుకోలేదు. లోబా వచ్చి ఇద్దరినీ కలిపి దొడ్లోకి తోలింది.

చలికాలంలో మందలో పెట్టి మన్సియా రెండు నెలలు చూశాడు. "మందకి పనికిరాని కుక్కకి ఇక్కడ తిండి లేదమ్మా, నీకు తెలుసు" అన్నాడు. అతని తుపాకీ ఎక్కడ వేలాడుతుందో నాకు తెలుసు. అతను చెడ్డవాడు కాదు. ఎస్టేటు పద్ధతి అది. అదే వారం నీ జూలై ఉత్తరం వచ్చింది.

నీకు పంపడం మోసమంటావా? నేను లెక్క వేసే పంపాను. మార్చిలో నువ్వడిగిన నాడు అసలైన కూననిస్తే అది నీ ఇల్లు పీకి, పిచ్చెక్కి, నీకూ పిచ్చెక్కించేది. మార్చిలో నీకు సుడిగాలిని ఇస్తే మీరిద్దరూ ఒకే కుర్చీలో బూజు పట్టేవాళ్ళు. కదలని కుక్కకి కదిలే మనిషి కావాలి. ఈ చలికాలంలో నువ్వు కదలడం నేర్చుకున్నావు. పరీక్ష గెలిచావని నేనెక్కడా రాయలేదు. కుక్కని పంపుతున్నానని రాశాను.

ఇక ఎర్మెలిందా సంగతి. తప్పించుకున్న గొర్రె వెనకాల నేరుగా పరిగెత్తేవాడు మూర్ఖుడు. అది ఇంకా దూరం పోతుంది. దూరంగా చుట్టు తిరిగి, అది వెనక్కి తిరిగే చోట నిలబడాలి. నోరు మూసుకుని నిలబడాలి. నీకు ఆ రెండోదే కష్టం. నలభై ఏళ్ళుగా మంద కాస్తున్న దాన్ని, నా మాట నమ్ము.

మీ అత్త

తా.క. ఈ సలహా మీ మామయ్య మీద వాడి చూశాను. పనిచేసింది. తనే నన్ను చుట్టుముట్టానని చివరి దాకా అనుకున్నాడు పాపం.

---

వాల్పరైసో
డిసెంబర్ నెల

ప్రియమైన అత్తయ్యకి,

అన్సెల్మో నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ ముగ్గురం క్షేమం.

మీరు చెప్పినట్టే చేశాను. రోజూ పొద్దున్నే బేకరీ చుట్టూ దూరంగా తిరిగి, ఎదుటి మెట్టు మీద మాట్లాడకుండా నిలబడ్డాను. మూడో నాడు ఎర్మెలిందా చేతులకి పిండితోనే బయటికి వచ్చింది. "ఏంటి చూస్తున్నావు? నేను గొర్రెనా?" అంది. నోరు మూసుకోమన్నారు కదా, మూసుకున్నాను. "అవునంటున్నావా?" అంది. తల అడ్డంగా ఊపాను. "మాట కూడా రాదా ఇప్పుడు? అబద్ధాలకైతే వచ్చిందే" అంది. ఇక ఆగలేక, అబద్ధం కుక్క గురించే కానీ, ఆవిడతో నడిచిన నడక ఒక్కటీ అబద్ధం కాదని చెప్పాను. లోబా చచ్చిపోలేదు కానీ, ఆవిడ నడకకి రావడం మానేసినప్పటి నుంచీ నేను నిజంగానే కుక్క చచ్చిపోయినవాడిలా తిరుగుతున్నానని కూడా చెప్పాను. బాగానే చెప్పాననుకున్నాను. ఆవిడకి ఏడుపొచ్చింది. నా ముందు ఇంకోసారి ఏడవనని చెప్పి, గిరుక్కున తిరిగి కొండ మెట్లు దిగిపోయింది. నాకూ రోషం వచ్చి పైకి ఎక్కేశాను.

అప్పుడు సుడిగాలి లేచిందత్తయ్యా. ఎవరూ పిలవలేదు, ఈల వెయ్యలేదు. నేను పై మలుపు దగ్గరికి చేరేసరికి, కింద నల్లటిదేదో మెట్ల పక్క గడ్డిలోంచి గీత గీసినట్టు దూసుకుపోయింది. ఎర్మెలిందాకి ముందుగా పోయి, మెట్టు మీద పొట్ట ఆనించి, తలొంచి చూసింది. తల్లి చూపే. ఆవిడ కుడికి జరిగితే కుడికి, ఎడమకి జరిగితే ఎడమకి. ఆవిడ "తప్పుకో" అంది. తప్పుకోలేదు. ఆవిడ ఒక మెట్టు వెనక్కి ఎక్కింది. అది ఒక మెట్టు ముందుకి. అలా ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ బేకరీ వాకిలి దాకా తీసుకొచ్చింది. ఒర్తెన్సియా మామ్మగారు కిటికీలోంచి, "అమ్మాయ్, వెనక్కి నడుస్తున్నావేంటి" అని అడుగుతూనే ఉంది.

ఆవిడని అక్కడ నిలబెట్టి నా కోసం వచ్చింది. నేను వాదించలేదు, జనవరిలో లోబా చూస్తే మీ పాదిరీ గారు వాదించారా? మమ్మల్నిద్దరినీ పొయ్యికీ పిండి బస్తాలకీ మధ్య మూలకి తోలి, ఎదురుగా కూర్చుంది. కదిలితే చూస్తుంది. మేం మాట్లాడుకోవడం తప్ప వేరే దారి లేకపోయింది. ఆ రోజు పొయ్యిలో రొట్టెలన్నీ మాడిపోయాయి. కొండంతా మాడిన రొట్టె తిని మమ్మల్ని దీవించింది.

మన్సియా గారికి చెప్పండి, దానికి పని రాక కాదు, ఆయన మంద మరీ పెద్దది. ఇద్దరైతే దానికి సరిపోతుంది. మీ ఉన్ని కత్తిరింపులు అయ్యాక, మార్చిలో పెళ్ళి. లోబాని తీసుకుని మీరు రావాలి. ఇది నా జీవితానికి సరిపోయే కుక్కా కాదా అని ఎర్మెలిందాని అడిగాను. "నిన్నెవరడిగారు, అది సరిపెట్టేసుకుంది" అంది.

మీ అన్సెల్మో

తా.క. పని అయ్యాక సుడిగాలి పొయ్యి పక్కకి పోయి రెండు రోజులు నిద్రపోయింది. కాపురం ఎక్కడ పెట్టాలన్నది ఇంకా తేలలేదు. సముద్రం కనిపించే నా గదిలో అని నేను, బేకరీ మేడ మీద అని ఆవిడ. నిన్న ఈ విషయం మీద గొంతులు కాస్త పెరిగాయి. సుడిగాలి ఒక కన్ను తెరిచింది. బేకరీ మేడ మీదే బాగుంటుందని నాకు వెంటనే తోచింది.